నర్సులతో టీకాల బేరం

మీరు టీకాలివ్వండి, మేం నర్సులను పంపుతాం. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్, జర్మనీల ముందు ఫిలిప్పీన్స్ కార్మిక శాఖ పెట్టిన ప్రతిపాదన సారాంశం ఇది. నర్సులు, ఇతర వైద్య సిబ్బంది ఏడాదికి 5 వేల మందికి మించి దేశం దాటకూడదని తానే విధించిన పరిమితిని, డోసులిస్తే సడలిస్తానని మనీలా, అంటే ఫిలిప్పీన్స్ ప్రభుత్వం, బయటపెట్టింది. వచ్చిన డోసులను విదేశాలకు వెళ్లే కార్మికులకు, కరోనా దెబ్బకు ఉపాధి పోయి తిరిగొచ్చిన లక్షల మందికి వేస్తామంది. టీకా ఎవరికి వేసినా బేరం బేరమే. పౌరుల ప్రయాణ హక్కుకు ఒక ప్రభుత్వం వెలకట్టి, పరాయి ప్రభుత్వాల దగ్గర వసూలు చేసుకోవాలని చూడటాన్ని మేం ఏ కోణంలోంచీ సమర్థించలేం.

టీకాల కోసం మనీలా పడిన ఆత్రుతలో అర్థముంది. ఆగ్నేయాసియాలో ఇండోనేసియా తర్వాత అప్పటికి కేసులు ఎక్కువున్నది అక్కడే. టీకా కార్యక్రమం అప్పటికి ఇంకా మొదలే కాలేదు. అప్పట్లో 6.7 కోట్ల జనాభా ఉన్న బ్రిటన్ మాత్రం 40 కోట్లకు పైగా డోసులకు ఆర్డర్లు పెట్టుకుని కూర్చుంది. సంపన్న దేశాల ఈ స్వార్థాన్ని నిలదీయాల్సిందే. కానీ అందుకు నర్సును అడ్డం పెట్టుకోవడమేమిటి?

అసలు ఈ పరిమితి ఎందుకొచ్చిందో గుర్తు చేసుకోవాలి. కరోనా ముంచుకొచ్చిన 2020 ఏప్రిల్‌లో, దేశంలో రోగులను చూసే చేతులు చాలవంటూ వైద్య సిబ్బంది విదేశీ ప్రయాణాలను ఆపేశారు. నవంబరులో నిషేధం తీసేసి 5 వేల పరిమితి పెట్టారు. 2019లో దాదాపు 17 వేల మంది నర్సులు విదేశీ కాంట్రాక్టుల మీద సంతకాలు చేశారంటే, ఈ 5 వేలు ఎంత తక్కువో తెలుస్తుంది. ఆ దేశ 1987 రాజ్యాంగం పౌరుల ప్రయాణ హక్కును కాపాడుతుంది. దేశ భద్రత, ప్రజల రక్షణ, ప్రజారోగ్యం అనే మూడు కారణాలతో తప్ప దాన్ని అడ్డుకోవడానికి వీల్లేదు. నర్సులను ఆపింది ఇందులో మూడో కారణం చూపించే. తీరా డోసులిస్తే గేటు తెరుస్తామన్నారు! దేశంలో నర్సుల కొరత నిజమే అయితే టీకాలొచ్చినంత మాత్రాన అది తీరదు, వాళ్లను పంపేస్తే వార్డుల్లో మిగిలే రోగులను ఎవరు చూస్తారు? కొరత అంత తీవ్రంగా లేకపోతే, పది నెలలుగా వాళ్లను ఆపి ఉంచే హక్కు ఎవరిచ్చారు? ఈ రెండు ప్రశ్నల్లో ఒక్కదానికైనా మనీలా జవాబు చెప్పాలి. చెప్పనంతకాలం ప్రజారోగ్యం పేరుతో పెట్టిన ఆంక్ష, బేరానికి దాచుకున్న సరుకుగానే కనిపిస్తుంది. తమను ఎగుమతి సరుకులా చూస్తున్నారని అక్కడి నర్సుల సంఘం మండిపడటంలో తప్పేమీ లేదు.

ఆ పది నెలల్లో నలిగిపోయింది ఎవరు? భాషా పరీక్షకు, లైసెన్సుకు, మెడికల్‌కు అప్పులు చేసి ఫీజులు కట్టినవాళ్లు. కాంట్రాక్టు చేతికొచ్చిందని ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చినవాళ్లు. 2020 మార్చి 8 నాటికి కాంట్రాక్టు కుదిరినవారిని మొదట వదిలేశారు, ఆ తర్వాతి వాళ్లు ఇరుక్కుపోయారు. ఒక్క రోజు తేడాతో ఒకరు విమానమెక్కితే, అదే వార్డులో పనిచేసిన మరొకరు నెలల తరబడి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. తమను తాము ‘ప్రిజో నర్సులు’, అంటే ఖైదీ నర్సులు అని వాళ్లు చెప్పుకున్నారు. చదివిన చదువుకు సొంత దేశంలోనే ఖైదు అనుభవిస్తున్నామన్నది వాళ్ల బాధ.

పోనీ ఆపి ఉంచినందుకు బాగా చూసుకున్నారా? 2020 మార్చిలో కొవిడ్ వార్డుల్లో పనిచేయడానికి ముందుకు రావాలని పిలుపునిచ్చిన ఆరోగ్య శాఖ, వచ్చినవారికి రోజుకు 500 పెసోలు, అంటే అప్పటి మన లెక్కలో దాదాపు 750 రూపాయలు, ఇస్తానంది. ప్రాణం పణంగా పెట్టే పనికి ఇదా విలువ అని జనమే తిట్టిపోశారు. విధుల్లో చనిపోయిన వైద్య సిబ్బంది కుటుంబానికి 10 లక్షల పెసోలు ఇవ్వాలని చట్టం చేశారు. రెండు నెలలు దాటినా ఒక్క కుటుంబానికీ అందలేదు, చివరికి నాటి అధ్యక్షుడు దుతెర్తే గడువు పెడితే తప్ప ఫైలు కదల్లేదు. అంతకుముందు చరిత్ర ఇంకా దారుణం. ప్రభుత్వ నర్సుకు తొలి జీతం సాలరీ గ్రేడ్ 15 (ప్రభుత్వ జీతాల పట్టికలో 15వ మెట్టు) ప్రకారం ఉండాలని 2002లోనే చట్టం వచ్చింది. ఆ నిబంధన చెల్లుతుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. నెలకు 30 వేల పెసోల పైచిలుకు జీతం కోసం 17 ఏళ్ల పోరాటం! ఆ గ్రేడు ప్రైవేటు ఆస్పత్రులకు వర్తించదు, అప్పట్లో చాలాచోట్ల అందులో సగం కూడా చేతికి వచ్చేది కాదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మనీలా తీరు.

పైగా వీళ్లను విదేశాలకు అలవాటు చేసింది ఆ ప్రభుత్వాలే. 1974లో అధ్యక్షుడు మార్కోస్ హయాంలో వచ్చిన కార్మిక స్మృతి, పనివాళ్లను బయటికి పంపడాన్ని ప్రభుత్వ విధానంగా మార్చింది. 1988లో అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో విదేశాల్లో పనిచేసేవారిని ‘బగోంగ్ బయాని’, అంటే నవ వీరులు అని కొనియాడారు. అప్పట్లో ఏటా వాళ్లు పంపే దాదాపు 3 వేల కోట్ల డాలర్లతో ఆ దేశ ఆర్థిక వ్యవస్థ నిలబడింది. అమెరికాకు వెళ్లే నర్సుల కోసమే పుట్టుకొచ్చిన కాలేజీలకు అనుమతులిచ్చింది కూడా ఆ ప్రభుత్వాలే. డబ్బు వచ్చినన్నాళ్లు వీరులన్నారు, తర్వాత డోసుల లెక్కల్లోకి దించారు.

బయట ఆ నర్సులు ఏం మూల్యం చెల్లించారో కూడా చూడాలి. అమెరికా నర్సుల్లో ఫిలిప్పీన్స్ మూలాలున్నవారు 4 శాతమే. కరోనాతో చనిపోయిన నర్సుల్లో మాత్రం వాళ్లు దాదాపు మూడో వంతు అని అక్కడి నర్సుల సంఘం 2020 సెప్టెంబరులో లెక్కతేల్చింది. అదే ఏడాది డిసెంబరు 8న బ్రిటన్‌లోని కోవెంట్రీ ఆస్పత్రిలో 90 ఏళ్ల మార్గరెట్ కీనన్‌కు తొలి టీకా వేసింది ఫిలిప్పీన్స్ నుంచి వలస వచ్చిన నర్సు మే పార్సన్స్. బ్రిటన్ ప్రభుత్వాస్పత్రుల వ్యవస్థలో అప్పటికి ఫిలిప్పీన్స్ దేశస్థులు దాదాపు 30 వేల మంది ఉన్నారు. వీళ్ల చదువుకు పైసా ఖర్చుపెట్టని బ్రిటన్, నర్సుల నియామకాలకూ టీకాలకూ ముడిపెట్టబోమని చెప్పేసింది. ఆ మాట సరైనదే. అయితే ఎవరి చేతుల మీదుగా తన పౌరులు టీకా వేయించుకున్నారో ఆ దేశానికి డోసులు పంపడానికి బేరం అక్కర్లేదు కదా? మిగులు ఉంటే ఇస్తామనడం 40 కోట్ల డోసులు పట్టుకున్నవాళ్లు చెప్పాల్సిన మాట కాదు. జర్మనీకీ ఇదే వర్తిస్తుంది.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది రేపటి సంగతి. ఇవాళ టీకా. రేపు అప్పు వాయిదా, ఎల్లుండి చమురు రాయితీ. పౌరుల ప్రయాణాన్ని ఆపి, తెరిచేందుకు వెల అడగవచ్చని ఒక్క ప్రభుత్వం నిరూపిస్తే మిగతావాటికి ఆ దారి తెరుచుకున్నట్టే. నర్సులను బయటికి పంపే దేశాల్లో మనమూ ఉన్నాం. విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ (తెలంగాణ), ఓమ్‌క్యాప్ (ఆంధ్రప్రదేశ్) లాంటి ప్రభుత్వ సంస్థలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. దళారుల మోసాల నుంచి కాపాడాలన్న ఉద్దేశంతో, గల్ఫ్ సహా కొన్ని దేశాలకు నర్సులు ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని కేంద్రం 2015లో నిబంధన పెట్టింది. ఆ తలుపు తాళం ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు మనీలా చేసింది ఢిల్లీకో, అమరావతికో, హైదరాబాదుకో రేపు ముద్దుగా కనిపించదని ఎవరు చెప్పగలరు?

దుతెర్తే ప్రభుత్వం ఈ ప్రతిపాదనను వెంటనే ఉపసంహరించుకోవాల్సింది. నర్సుల కొరత ఎంతో, ఏ ఆస్పత్రిలో ఎన్ని ఖాళీలున్నాయో లెక్కలు బయటపెట్టి, పరిమితి ఎందుకు కావాలో ప్రజలకు చెప్పాల్సింది. చెప్పలేకపోతే దాన్ని ఎత్తేయాల్సింది. ఉండమని అడగాలనుకుంటే జీతం పెంచి, చనిపోయినవారి కుటుంబాలకు ఇవ్వాల్సింది సమయానికి ఇచ్చి అడగాల్సింది. నెలల తరబడి మాస్కు మాటున ఊపిరి బిగబట్టి పనిచేసిన మనిషిని డోసుల కింద జమకట్టడానికి ఆ మంత్రులకు నోరెలా వచ్చింది?