చౌర్యం: సున్నా శాతం

నా పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో గ్రంథచౌర్యం సున్నా శాతం అని తేలింది. అప్పటి నుంచి మా విభాగంలో అందరూ నన్ను కొంచెం భక్తితో చూస్తున్నారు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పది శాతం దాకా పోలిక ఉన్నా తప్పు పట్టరు. నాకు ఆ పది కూడా అక్కర్లేకపోయింది. వేమన పద్యాలు నలభై యథాతథంగా ఎత్తి రాస్తే, అవి కూడా లోకంలో ఇంకెక్కడా లేవని యంత్రం ధ్రువీకరించింది.

ఈ ఘనత నాది కాదు, మా డీటీపీ దుకాణం అన్నయ్యది.

జరిగింది ఇది. మూడేళ్లు కూర్చుని 260 పేజీలు నేనే టైపు చేసుకున్నాను. లిబ్రెఆఫీస్‌లో, ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత చోటు ఇచ్చే యూనికోడ్‌లో, మండలి ఫాంటుతో. ఇందులో ఏ ఒక్కదానికీ రూపాయి ఖర్చు కాలేదు. బహుశా నా నేరం అక్కడే మొదలైంది. వ్యాసం మాత్రం ‘ఆ ఫాంటు’లోనే ఉండాలని విభాగం కట్టడి. ఏ ఫాంటో పేరు చెప్పనక్కర్లేదు, పెళ్లి శుభలేఖ వేయించిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. అక్షరం నిండుగా ఉంటుంది, పెద్దల కళ్లు దానికి అలవాటు పడ్డాయి.

పెన్‌డ్రైవ్ పట్టుకుని డీటీపీ దుకాణానికి వెళ్లాను. అన్న ఫైలు తెరిచి, షుగర్ ఉందా అని వైద్యుడు అడిగినట్టు మెల్లగా అడిగాడు.

‘‘ఇది యూనికోడా తమ్ముడూ?’’

తల దించుకున్నాను.

‘‘మన దాంట్లోకి ఎక్కదు. మళ్లీ కొట్టాలి. పేజీకి ముప్పై.’’

‘‘అన్నా, ఇప్పటికే కొట్టి ఉంది కదా?’’

‘‘ఉంది. కానీ మళ్లీ కొట్టాలి.’’

ఆ తర్వాత చూసిన దృశ్యం నేను ప్రాణమున్నంత కాలం మరిచిపోను. కంప్యూటర్‌లో ఉన్న నా 260 పేజీలనూ అన్న మొదట ప్రింటు తీశాడు. ఆ కాగితాల కట్టను మానిటరు పక్కన చెక్క పీట మీద నిలబెట్టాడు. జారిపోకుండా బట్టల క్లిప్పు పెట్టాడు. తర్వాత ఆ కాగితం చూసి, అదే కంప్యూటర్‌లో, అదే వ్యాసాన్ని మొదటి అక్షరం నుంచి టైపు చేయడం మొదలుపెట్టాడు. నా ఫైలు వెనక తెరిచే ఉంది. ఒక కిటికీలో తెలుగు, పక్క కిటికీలో తెలుగు, మధ్యలో ఫ్యాను గాలికి రెపరెపలాడే కాగితం, దాని మీద కూడా తెలుగే. ఇరవై రెండు రోజులు సాగింది ఈ యజ్ఞం. దక్షిణ 7,800 రూపాయలు. ప్రూఫులు దిద్దబోతే పదకొండు చోట్ల గిడుగు రామమూర్తి కాస్తా గొడుగు రామమూర్తి అయ్యాడు. వ్యావహారిక భాష కోసం బతుకంతా పోరాడిన మనిషికి మనం ఆ మాత్రం నీడ కల్పించడం న్యాయమే. ఆయన పేరుతో సిలికానాంధ్రవారు విడుదల చేసిన ఫాంటు ఒకటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అడిగేవాడు లేడు. అందుకే కాబోలు, దాన్ని విభాగంలోకి రానివ్వరు.

ఇక సున్నా శాతం రహస్యం. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత చోటు లేదు. ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో మన ముక్కలను కూర్చోబెట్టారు. ఒక కుర్చీలో తలకట్టు, ఒక కుర్చీలో వట్రుసుడి. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. తీసేస్తే టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ‘ఎ’, ఒక డాలరు గుర్తు, తలకిందుల ప్రశ్నార్థకం. దొంగతనం పట్టే యంత్రం చదివింది వాటిని. అలాంటి వాక్యం ఇంతకు ముందు ఎవరూ రాయలేదని అది చెప్పింది నిజమే.

అప్పట్లో వేరే దారి లేదు, ఒప్పుకుంటాను. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 గళ్లు కేటాయించినా, ఇంట్లో కంప్యూటర్‌కు అది వచ్చింది 2001లో, విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. అదీ మైక్రోసాఫ్ట్ తాళం వేసిన సరుకే, మనం మార్చుకోకూడదు. అయితే వాళ్లు తాళం వేసుకున్నది వాళ్ల సరుకుకు, నా అక్షరానికి కాదు. ఈ తేడా చెబితే మా హాస్టల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకోగల సాఫ్ట్‌వేర్) భక్తుడొకడు కూడా ఒప్పుకోడు. వాడికి అన్ని తాళాలూ ఒకటే. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని గంటసేపు చెబుతాడు. ఇంగ్లీషులో రెండింటికీ ‘ఫ్రీ’ అని ఒకటే మాట కావడంతో, 1983లో ఆ ఉద్యమానికి ఆద్యుడు రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రకటించిన నాటి నుంచి వాళ్లు వివరణ ఇచ్చుకుంటూనే ఉన్నారు. మనకు మాటలు రెండున్నాయి. డీటీపీ దుకాణంలో రెండూ లేవు.

నవ్వు ఇక్కడితో సరి. అన్నమయ్య కీర్తనలు చెక్కిన తాళ్లపాకవారి రాగిరేకులు తిరుమల కొండ మీద ఒక అరలో శతాబ్దాలు పడి ఉన్నాయి. 1922లో బయటికి తీసినప్పుడు దుమ్ము తుడిచి చదివారు. లైసెన్సు ఎవరిదని అడగలేదు, అందులో అక్షరం అక్షరంగానే ఉంది. మనం పాతికేళ్ల కిందట కొట్టించిన ఫైలు మనకే తెరుచుకోదు. చనిపోయిన రచయితల సమగ్ర సంపుటాలు, ఊళ్ల చరిత్రలు, మూతపడిన చిన్న పత్రికలు, నాలాంటివాళ్ల సిద్ధాంత వ్యాసాలు, అన్నీ డాలరు గుర్తులై పడి ఉన్నాయి. వెతికితే ఒక్క మాట దొరకదు. వెతికితే దొరకని తెలుగూ, అసలు లేని తెలుగూ యంత్రానికి ఒకటే. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు కొందరు పుణ్యాత్ములు జీతం భత్యం లేకుండా రాసిపెట్టారు. వాటిని వాడమని ఒక్క కాగితం పంపడానికి ఒక్క కార్యాలయానికీ చేతులు రాలేదు. పైగా ఏటా భాషా దినోత్సవం నాడు శాలువాలు కప్పుకుని, కంప్యూటర్‌కు తెలుగు రాదని వేదిక మీద కన్నీళ్లు. రానిచ్చారా? దాని నోట్లో గుడ్డలు కుక్కింది మీరే కదా! ఆ సభ ఆహ్వానపత్రిక కూడా ఆ ఫాంటులోనే ఉంటుంది.

మొన్న డీటీపీ అన్న ఫోను చేశాడు.

‘‘తమ్ముడూ, హార్డ్‌డిస్కు నిండిపోయింది. నీ ఫైలు ఉంచమంటావా, తీసేయమంటావా?’’

‘‘ఏ ఫైలు అన్నా?’’

‘‘అదే, నువ్వు తెచ్చింది. మన దాంట్లోకి ఎక్కనిది.’’