తప్పంతా వాన నీటిదే

కొత్త భవనం పైఅంతస్తులో మొదటి వానకే గోధుమరంగు మరక కనిపించగానే మేస్త్రీని, ఇంజినీరును, కాంట్రాక్టరును నిలదీయడం మనకు పట్టుబడిన దురలవాటు. ఈ వ్యవహారాన్ని నిష్పక్షపాతంగా పరిశీలిస్తే తప్పంతా నీటిదేనని ఎవరైనా ఒప్పుకోక తప్పదు. అది ప్లాను చదవదు, ఒప్పందంలో సంతకం చేయదు, ముఖద్వారం పైనున్న ఎలివేషన్‌ను చూసి ముచ్చటపడి కాసేపు ఆగుదామన్న సంస్కారం కూడా దానికి లేదు. పల్లం ఉంటే పోతుంది, లేకపోతే ఉన్నచోటే బైఠాయించి కిందికి దారి వెతుక్కుంటుంది.

పల్లం చూపించాల్సిన బాధ్యత మనదేనని కొందరు వాదిస్తారు. డాబా మీద నూటికి ఒకటి చొప్పున, అంటే మీటరు దూరానికి ఒక సెంటీమీటరు చొప్పున, వాన నీరు దిగే గొట్టం వైపు వాటం, అంటే వాలు, ఇవ్వాలన్నది వాళ్ల పట్టుదల. పది మీటర్ల డాబాకు ఇది 10 సెంటీమీటర్ల తేడా. ఇంత మందాన్ని ఎవరూ తలెత్తి చూడని చోట ఖర్చుచేయడం కన్నా, వీధి వైపు గోడకు అదే మందంలో ఒక పట్టీ తీస్తే నలుగురూ మెచ్చుకుంటారు కదా! అందుకే వాటాన్ని ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ గొట్టానికి కాక మేస్త్రీ కంటికి వదిలేస్తాం. ఆ కన్ను నిర్ణయించిన ప్రకారం నీళ్లన్నీ గొట్టానికి ఎదురు మూలకు చేరతాయి. గొట్టం మూతి నేలకన్నా వేలెడు ఎత్తున, ఎండిన సిమెంటు ముద్దను నోట కరచుకుని, చుక్క తడి అంటకుండా నిలబడుతుంది.

నీటి పట్ల మన ఔదార్యం తక్కువేమీ కాదు. స్లాబు వేసే రోజున కాంక్రీటు సులువుగా జారాలని అడిగినవారికీ అడగనివారికీ బకెట్లకొద్దీ నీళ్లు పోయిస్తాం. సిమెంటుకు అక్కర్లేని ఆ నీరు ఆవిరై పోతూ తన వెనుక సన్నని రంధ్రాలను మిగిల్చి వెళ్తుంది. రేపు వాన వెతుక్కునే దారులు ఇవేనని పుస్తకాలు చెబుతాయి, కానీ వచ్చే అతిథికి ముందే దారి వేసి ఉంచడాన్ని ఎవరు తప్పుపడతారు? స్లాబు గట్టిపడ్డాక, నిజంగా నీళ్లు తాగాల్సిన కనీసం 7 రోజులు, ఎండలు మండుతుంటే 10 రోజులు, మాత్రం పొదుపు గుర్తొస్తుంది. మూడో రోజుకల్లా స్లాబు మీద నీళ్లు నిలపడానికి కట్టిన గట్లు ఎండిపోతాయి, ఎందుకంటే తడపాల్సిన మనిషిని ఎలివేషన్ పనికి పంపించాం.

ఆ తర్వాత వాటర్‌ప్రూఫింగ్ వస్తుంది. గొట్టాలు మూసి, డాబా మీద నీళ్లు నింపి, ఒకటి రెండు రోజులు నిలిపి అడుగున చెమ్మ వస్తుందేమో చూడాలట. పనివాడి ఆత్మగౌరవానికి ఇంతకన్నా అవమానం ఉంటుందా? పొరను పిట్టగోడ మీదికి జానెడు ఎక్కించాలని, ఆ మూలను ముందుగా గుండ్రంగా మలచాలని అడిగేవారి అత్యాశకు అసలు హద్దే లేదు. పొర వేసిన మర్నాడే సోలార్ పలకల మనిషి డ్రిల్లు పట్టుకుని పైకి వస్తాడు. నల్లగా నిగనిగలాడే పొరలోంచి తెల్లటి పొడి లేస్తుంది. దాన్ని నోటితో ఊది, బోల్టు బిగించి, తన పని తాను శుభ్రంగా చేసుకున్న తృప్తితో దిగిపోతాడు. అతని వెనుకే ట్యాంకు స్టాండు, రెయిలింగు వాళ్లు వరుసలో ఉంటారు.

(వాలు కప్పుల వాళ్లు మాకీ బాధ లేదని నవ్వుకోనక్కర్లేదు. రేకు మీద నీరు పారే పల్లంలోనే స్క్రూ కొట్టి, రబ్బరు వాషరు నలిగేదాకా బిగించే నైపుణ్యం వాళ్ల దగ్గరా ఉంది.)

బయటి గోడల విషయంలో మన శ్రద్ధ లోకోత్తరం. రంగుల ఎంపికకు నెల పడుతుంది, ప్లాస్టరింగు ఆరడానికి మాత్రం నెల ఇవ్వం. తడి గోడ మీద పుట్టీ, ప్రైమర్, రెండు కోట్లు పడిపోతాయి, కొన్నాళ్లకు పొక్కులు లేస్తాయి. కాంక్రీటు స్తంభం, ఇటుక గోడ కలిసేచోట ప్లాస్టరింగు కింద తీగ జాలీ వేయం కాబట్టి నిలువునా గీతలాంటి పగులు వస్తుంది. సన్‌షేడ్ అడుగున వేలు పట్టేంత గాడి తీస్తే నీటిచుక్క అక్కడే తెగి కిందపడుతుంది. అది లేకపోతే చుక్క అడుగునే పాకుతూ గోడదాకా వచ్చి, కిటికీ పైన మీసాల్లాంటి చారలు దించుతుంది. అడిగితే పెయింటరు గోడలో చెమ్మ ఉందంటాడు, గోడ కట్టినవాడు స్లాబును చూపిస్తాడు, స్లాబు వేసినవాడు ప్లంబర్‌ను చూపిస్తాడు. విచిత్రమేమంటే, వీళ్లందరూ నిజమే చెబుతున్నారు.

నిరాశపడేవారికి ఒక ఊరట ఉంది. పారిస్ దగ్గర పొయిసీలో ప్రఖ్యాత వాస్తుశిల్పి లె కార్బూజియే, తన బంధువు పియర్ జన్నరేతో కలిసి కట్టి 1931లో పూర్తిచేసిన విల్లా సవోయ్ అనే ఇంటికి చదునైన కప్పు. హాల్లోనూ ర్యాంపు మీదా వాన కురుస్తోందని, గ్యారేజీ గోడ తడిసి ముద్దయిందని ఇంటావిడ 1936లో ఆయనకే ఉత్తరం రాసింది. 80 ఏళ్ల తర్వాత, 2016లో, యునెస్కో ఆ ఇంటిని ఆయన మరికొన్ని కట్టడాలతో పాటు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మీ పడకగదిలోని బకెట్టును తొందరపడి తీసేయకండి.

ఇక మిగిలింది హామీపత్రం. కప్పు కారడమనేది మూలల్లోనూ, గొట్టాల చుట్టూ, బోల్టుల దగ్గరా జరిగితే, హామీ మాత్రం డబ్బాలోని పదార్థానికి ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో మరో షరతు కనిపిస్తుంది: కప్పు మీద నీరు నిలిస్తే ఈ హామీ చెల్లదు. ఈ మొత్తం వ్యవహారంలో నీటి స్వభావాన్ని, మన స్వభావాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ షరతు రాసిన పెద్దమనిషి ఒక్కడే కాబట్టి, తర్వాతి భవనానికి వాటం చూసే పనిని ఆయనకే అప్పగించాలని నా సవినయ ప్రతిపాదన.