సరిహద్దులన్నీ గుంటూరు జిల్లాలోనే

సైనిక విద్యార్థుల ఉన్నత విద్యా విభాగానికి డైరెక్టరుగా గత నెల మొదటి గురువారం, రాహుకాలం దాటేదాకా కారులోనే కూర్చుని, ఆ తరువాత బాధ్యతలు స్వీకరించాను. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలో ఉన్న మా విద్యాసంస్థ పేరు చెప్పుకోవడం ఆత్మస్తుతి అవుతుంది కనుక చెప్పను. ట్యాంకు బొమ్మ ముందు నల్లగౌను తొడుక్కుని ఎడమచేత్తో సెల్యూట్ చేస్తున్న యువకుడి హోర్డింగు కనిపిస్తే అది మాదే. ఆ యువకుడు మా అకౌంట్స్ సెక్షన్ గుమాస్తా.

ఈ పదవికి నన్నే ఎందుకు ఎంపిక చేశారని కొందరు ఈర్ష్యాపరులు అడుగుతున్నారు. నేను సైన్యంలో పనిచేయని మాట నిజమే. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో చేరి, పరేడ్ తరువాత పెట్టే ఉప్మా బాగా లేదని మూడో ఆదివారానికే మానేసిన మాట కూడా నిజమే. అయితే పద్దెనిమిదేళ్లపాటు ఇంటర్మీడియట్ హాస్టళ్లు నడిపిన అనుభవం నాకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు గంట కొట్టించి, స్టడీ అవర్లో కునుకు తీసినవాణ్ణి నిలబెట్టి, కన్నతల్లి పులిహోర డబ్బాతో గేటు దగ్గరకొచ్చినా అవుట్‌పాస్ లేనిదే బిడ్డను చూపించని నా క్రమశిక్షణ సైన్యం కంటే ఒక మెట్టు పైనే ఉందని మా చైర్మన్ గారి అభిప్రాయం. నాలుగేళ్ల సర్వీసుకు సైన్యంలో చేరే అగ్నివీరుడికైనా ఏడాదికి 30 రోజుల సెలవుంది. మేము దసరాకు మూడు రోజులిచ్చి, అందులోనూ ఒకరోజు ఆన్‌లైన్ పరీక్ష పెడతాం.

ఈ విభాగం పుట్టుక వెనుక నిండైన దేశభక్తి ఉంది. 2022 జూన్‌లో కేంద్రం ఈ అగ్నివీరులను చేర్చుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పుడు, నాలుగేళ్ల తరువాత గరిష్ఠంగా 25 శాతం మందినే సైన్యంలో కొనసాగిస్తారనీ, సర్వీసు ముగించుకున్నవారి చేతికి సేవానిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు వస్తాయనీ పత్రికల్లో చదివిన చైర్మన్ గారు ఆ అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, ఆ కాగితాన్ని నాలుగేళ్లుగా టేబులు అద్దం కింద భద్రపరిచారు. ప్రతి నలుగురిలో ఇంటికొచ్చే ముగ్గురి భవిష్యత్తు గురించి ఈ రాష్ట్రంలో ఇంతగా బెంగపడినవారు మరొకరు ఉండరని నా నమ్మకం. అదే నెలలో కేంద్ర విద్యాశాఖ, దూరవిద్య నడిపే ఇగ్నో విశ్వవిద్యాలయం ద్వారా అగ్నివీరులకు మూడేళ్ల డిగ్రీ ప్రకటిస్తూ, అందులో సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన నైపుణ్య శిక్షణకే లభిస్తాయని చెప్పింది. ఆ పద్ధతి మాకూ నచ్చింది. సగం చదువు సైన్యమే చెబుతున్నప్పుడు ఫీజు కూడా సగమే తీసుకోవాలి కదా అని సమావేశంలో అడిగిన అర్థశాస్త్ర అధ్యాపకుణ్ణి అడ్మిషన్ల కాన్వాసింగ్‌కు పల్నాడు పంపించాం.

తొలి చిక్కు దరఖాస్తు దగ్గరే వచ్చింది. సర్వీసులో ఉన్న జవాను చిరునామా అంటే పేరు, నంబరు, ర్యాంకు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. అందులో ఊరు ఉండదు, జిల్లా ఉండదు, పిన్‌కోడ్ 9తో మొదలవుతుంది. మా సాఫ్ట్‌వేర్‌కు మాత్రం జిల్లా చెప్పనిదే తరువాతి పేజీ తెరుచుకోదు. సాఫ్ట్‌వేర్ కుర్రవాడు రెండు రోజులు బుర్ర గోక్కుని, ఆ గడిలో అందరికీ “గుంటూరు” అని తనంతట తానే పడేలా సరిచేశాడు. ఆ విధంగా దేశ సరిహద్దులన్నీ ఒక్క మధ్యాహ్నంలో గుంటూరు జిల్లాలో కలిశాయి.

తరువాతిది హాజరు. ఆన్‌లైన్ తరగతులకు 75 శాతం హాజరు తప్పనిసరి. డ్యూటీ వల్ల రాలేనివారు డ్యూటీలో ఉన్నట్టు, తీసిన చోటు నమోదయ్యే జియోట్యాగ్ ఫొటో పంపాలని నా మొదటి సర్క్యులర్‌లో స్పష్టంగా రాశాను. రాత్రి పదకొండింటికి ఒక కుర్రవాడు ఫోన్ చేశాడు. వెనక గాలి హోరు. “సార్, నేనెక్కడున్నానో మా అమ్మకే చెప్పకూడదండీ. ఆ ఫొటో పంపితే నా ఉద్యోగం ఉండదు,” అన్నాడు. నేను కఠినుణ్ణి కాను. ప్రదేశం తెలియకుండా జియోట్యాగ్ చేసి పంపమని సలహా ఇచ్చాను. అవతల చాలాసేపు గాలి హోరే వినిపించింది.

పాఠ్యపుస్తకాల విషయం అంతకంటే గొప్పగా నడిచింది. పార్సిళ్లన్నీ కొరియర్‌కిస్తే, వాళ్లు ఏపీఓకు వెళ్లరు కనుక, మా సాఫ్ట్‌వేర్ అచ్చు వేసిన “గుంటూరు జిల్లా” అన్న ముక్క పట్టుకుని వారం రోజులు బ్రాడీపేట, కొత్తపేట తిప్పి, చివరికి పంపినవారి చిరునామాకే, అంటే నా గదికే చేర్చారు. నలభై ఒక్క పార్సిళ్లు. కుర్చీ జరిపే చోటు కూడా లేకుండా పోయింది.

వాటిని బయట పెట్టించడానికి గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డును పిలిపించాను. అందరూ ఆయన్ను మిలిటరీ బాబాయ్ అంటారు. పదిహేడేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా దిగాడు. పదో తరగతి పాసై పదిహేనేళ్ల సర్వీసు పూర్తిచేసినవారికి ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల కోసం సైన్యం ఇచ్చే డిగ్రీ సమాన ధ్రువపత్రం కూడా ఆయనకుంది. దాని జిరాక్సు జతచేసి నా విభాగంలో గుమాస్తా పోస్టుకు దరఖాస్తు పెడితే, సంబంధిత అనుభవం లేదని నేనే తిరస్కరించానట; సంతకం నాదే కనుక నిజమే అయివుండాలి.

ఆయన పార్సిలు ఒకటి తిప్పి చూసి, “ఇది కొరియర్‌తో అయ్యే పని కాదు సార్, పోస్టులో వేయాలి,” అని మాత్రం అన్నాడు. గేటు పక్కన స్టూలు వేసుకుని, స్కెచ్ పెన్నుతో నలభై ఒక్క చిరునామాలూ పెద్ద అక్షరాలతో రాశాడు. గుంటూరు అన్నచోటల్లా అడ్డంగా కొట్టేశాడు. మూడు ట్రిప్పులుగా తన మోపెడ్ మీద పోస్టాఫీసుకు చేర్చి రశీదులు నా టేబులు మీద పెట్టి, కుడిచేత్తో సెల్యూట్ చేసి వెళ్లాడు.

“డైరెక్టరు చొరవతో పుస్తకాల పంపిణీ వ్యవస్థ సమూలంగా పునర్వ్యవస్థీకరించబడినది” అని నెల నివేదికలో రాశాను, చైర్మన్ గారు శాలువా కప్పారు. డ్యూటీ సమయంలో గేటు వదిలి వెళ్లినందుకు సెక్యూరిటీ ఏజెన్సీవారు బాబాయ్‌కి సగం రోజు జీతం కోశారు. ఆ కాగితం మీద కూడా సంతకం నాదే కావాలట, రేపు పెడతాను.