మనం వాక్సహాచీ వెళ్ళొచ్చామా?

మన తెలుగు సంఘం డాలస్ దగ్గరున్న వాక్సహాచీకి వేసిన ఏప్రిల్ విహారయాత్ర అయిన రాత్రి మన వాట్సాప్ గ్రూపులో 412 ఫోటోలు పడ్డాయి. కూర్చుని లెక్కపెట్టాను, కోపం అలాంటిది. నీలిపూల మధ్య పట్టుపరికిణీలు, బ్యానరు పట్టుకున్న కమిటీ, అదే బ్యానరు పట్టుకున్న స్పాన్సర్లు, తంబోలాలో ఫుల్ హౌస్ కొట్టినవాళ్ళు. ఆ ఊరి కోర్టు భవనం ఒకే ఒక్క ఫోటోలో ఉంది, అదీ బస్సు వెనక, సగం. కింద అధ్యక్షుల వారి సందేశం: "సూపర్ సక్సెస్. వాక్సహాచీని దున్నేశాం." ఆ దున్నేశాం దగ్గర ఫోను బోర్లా పెట్టేశాను.

ఇది ఎవర్నీ వేలెత్తి చూపడానికి రాయడం లేదు. చూపాల్సొస్తే మొదటి వేలు నా వైపే, ఎందుకంటే ఆ రోజు ఫుడ్ కమిటీ నాది. బస్సులు తొమ్మిదింటికి కదలాల్సింది పదీ నలభైకి కదిలాయంటే కారణం నా పులిహోర. వేడి మీద డబ్బాల్లో పెడితే ఆవిరి పట్టి మెతుకు మెత్తబడుతుంది. అందుకని పళ్ళాల్లో పరిచి, పైన ఫ్యాను వేసి, పోపులో వేరుశెనక్కాయలు మెత్తబడకుండా చివర్న కలిపించాను. తొంభై మందికి. ఆ పులిహోర గురించి ఇంతవరకు ఒక్కరూ వంక పెట్టలేదు, వంక పెట్టాల్సింది దాని గురించే అయినా.

ముందు ఎన్నిస్, వాక్సహాచీ పక్క ఊరు. బ్లూబానెట్లు, అంటే ఆ నీలిపూలు, ఎక్కడ పూశాయో అక్కడి గార్డెన్ క్లబ్ వాళ్ళు ఏటా కార్లేసుకుని తిరిగి చూసి చెప్తారు, 40 మైళ్ళకు పైగా దారులకి మ్యాపు వేసి పెడతారు. మనం రోడ్డు పక్క కనబడ్డ మొదటి చేలోనే దిగిపోయాం. పువ్వు కోస్తే పోలీసులు పట్టుకుంటారని గ్రూపులో హెచ్చరికలు వచ్చాయి కాబట్టి ఎవరూ కొయ్యలేదు. నిజానికి బ్లూబానెట్ కొయ్యకూడదని ప్రత్యేకంగా చట్టమేమీ లేదు. అది ఏడాది మొక్క, గింజ ఎండి రాలితేనే మళ్ళీ వసంతానికి పువ్వు. కొయ్యని మనం గ్రూపు ఫోటో కోసం దాని మీద పడుకున్నాం. సరే, పిల్లలు ముద్దొచ్చారు, ఒప్పుకుంటాను.

తర్వాత వాక్సహాచీ పార్కులో భోజనాలు. మనం స్పీకర్లు పెట్టింది ఒక పెద్ద చెక్క సభామండపానికి వీపు చేసి. దాన్ని 1902లో కట్టారు, షటాక్వా సభల కోసం. ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలు బళ్ళు కట్టుకుని వచ్చి, గుడారాలు వేసుకుని, రోజుల తరబడి ఉపన్యాసాలూ పాటలూ వినేవట. అంటే ఏమిటి? మన తానా, ఆటా సభలే, రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర తగువు లేకుండా. ఆ మండపం పక్కనే కూర్చుని మనం స్పాన్సరు గారి ప్లాట్ల గురించి ఇరవై నిమిషాలు విన్నాం, శాలువాలు కప్పాం, తంబోలా మూడు రౌండ్లు ఆడాం.

అసలు సంగతికి వస్తాను. రెండు గంటలకి కోర్టు చౌరస్తాలో మనకి ఊరు తిప్పి చూపించడానికి ఒకావిడ ఒప్పుకున్నారు. డెబ్భై దాటిన మనిషి, జీతం లేని పని. ఫిబ్రవరిలోనే మన వాళ్ళు మెయిల్ రాసి, తొంభై మందిమి వస్తున్నామని చెప్పి, పేర్ల జాబితా కూడా పంపారు. తంబోలాలో పడి ఆ సంగతి అందరం మర్చిపోయాం. నాకు గుర్తొచ్చేసరికి మూడూ ముప్ఫై అయిదు. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను.

ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో కరపత్రాల కట్ట. చేతిలో మన జాబితా. పొడుగు పేర్లన్నిటినీ పెన్సిలుతో గీతలు గీసి ముక్కలు చేసి పెట్టుకున్నారు, పలకడం నేర్చుకోవడానికి. 'వెంకట' అన్న ముక్కని మూడుగా విరిచారు, 'శ్రీ' కింద రెండు గీతలు కొట్టారు. నేను క్షమాపణ చెప్తుంటే అడ్డొచ్చి, ఈ పేరు ఇలాగేనా అనాల్సింది అని అడిగారు. మూడు పేర్లు సరిగ్గా పలికారు. నాలుగోది పలుకుతుండగా బస్సు హారన్ మోగింది. కట్ట మొత్తం నా చేతిలో పెట్టి, పిల్లలకి ఇవ్వమన్నారు.

ఇంత చిన్నదానికి ఇంత ఉడుకుమోతుతనం ఎందుకని మా ఆయన అడిగారు. దానికి జవాబు నాలుగేళ్ళ కిందటి ఆగస్టులో ఉంది.

అప్పుడు మా నాన్న వచ్చి మూడు నెలలు. మనందరి నాన్నలకీ జరిగినట్టే ఆయనకీ శనివారం గుడి, ఆదివారం ఎవరో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతమో పుట్టినరోజో, మిగతా రోజులు కిటికీ. ఒకరోజు కాఫీ తాగుతూ అడిగారు: "అమ్మాయ్, ఇక్కడ ఊళ్ళు ఉండవా?" మేముండే ఫ్రిస్కో ఊరు కాదా నాన్నా అంటే, "ఇది ఇళ్ళు. ఊరేది?" అన్నారు. ఆ శనివారమే కార్లో పడ్డాం, నేనూ, ఆయనా, మా ఆయనా, తొమ్మిదేళ్ళ మా వాడూ. డాలస్ దాటి దక్షిణంగా 30 మైళ్ళు పోతే వాక్సహాచీ. నేను ఎంచిందేమీ లేదు, దగ్గర్లో పాత ఊరు అని వెతికితే అదొచ్చింది.

నాన్న నరసరావుపేట కోర్టులో అమీనాగా, అంటే జప్తులు అమలుచేసే ఉద్యోగిగా, చేసి రిటైరయ్యారు. చౌరస్తాలో దిగి తలెత్తగానే ఎర్రరాయి, గులాబీరంగు రాయి కలిపి కోటలా కట్టిన కోర్టు. 1897లో పూర్తయింది. చుట్టూ దుకాణాలు, మధ్యలో కోర్టు. అది చూసి ఆయన ముఖం విప్పారిన తీరు నేను నయాగరా దగ్గర కూడా చూళ్ళేదు. చెప్పులు సర్దుకుని చుట్టూ తిరగడం మొదలెట్టారు. మూడుసార్లు. దస్తావేజులు రాసేవాళ్ళెక్కడ కూర్చుంటారు? స్టాంపులమ్మేవాడేడి? సాక్షులకి టీ ఎవరు పోస్తారు? నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. చెట్లున్నందుకు మాత్రం తృప్తిపడ్డారు. కోర్టన్నాక చెట్టు ఉండాల్సిందేనట.

ద్వారాల దగ్గర స్తంభాల తలల మీద రాతిలో చెక్కిన మొహాలుంటాయి. కొన్ని అందంగా, కొన్ని వికారంగా. మా వాడు ఫోన్లో చూసి తాతకి కథ చెప్పాడు: చెక్కినతను ఆ ఊరమ్మాయిని ప్రేమించాడట, మొదట అందంగా చెక్కాడట, ఆ పిల్ల కాదన్నకొద్దీ మొహం వికారమైపోతూ వచ్చిందట. చరిత్ర తెలిసినవాళ్ళు ఇది ఉత్త కల్పన అంటారు. నాన్న అదేం తెలియకుండానే తేల్చేశారు: "ప్రేమా కాదు, పాడూ కాదు. కంట్రాక్టరు కూలి డబ్బులు ఆపుంటాడు."

ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడే మాటల్లో చెప్పాను. టెక్సాస్‌లో ఇంటి అప్పు కట్టకపోతే ప్రతి నెలా మొదటి మంగళవారం కౌంటీ కోర్టు దగ్గర వేలం వేస్తారని. ఇల్లు కొన్నప్పుడు చదివిన కాగితాల్లో గుర్తున్న ఒకే ఒక్క ముక్క అది. ఆయన సర్దుకు కూర్చున్నారు.

"టముకెవరు వేస్తారు?"

"టముకు ఉండదు నాన్నా. నోటీసు అంటిస్తారు."

"మరి ఊళ్ళోవాళ్ళకి ఎట్టా తెలుస్తది?"

కాసేపు పైన గడియారం వంక చూస్తూ ఉండిపోయారు. తర్వాత నలభై ఏళ్ళలో నేను ఎన్నడూ వినని సంగతి చెప్పారు. తెల్లదోమ పడి పత్తి పోయిన ఏడాది, పల్నాటి పల్లెలో ఒక రైతింటికి జప్తు వారంటు తీసుకెళ్ళారట. ఆ ఇల్లాలు తనే ఇత్తడి బిందె తెచ్చి ముందు పెట్టిందట. వంటసామాను, అరకెద్దులు మేం ముట్టుకోకూడదమ్మా, చట్టం ఒప్పదు అన్నారట ఈయన. ఇంకేముంది ఇంట్లో? సైకిలు, గోడ గడియారం. రాసుకున్నారు. "గడియారం తీసి సంచిలో పెట్టుకున్నా. బస్సులో నరసరావుపేట దాకా సంచిలో టిక్కు టిక్కుమంటానే ఉంది." అంతే. ఆ మాట అని లేచి, ఐస్‌క్రీం కొనిస్తా రారా అని మనవణ్ణి తీసుకెళ్ళారు. డబ్బులు అల్లుడిచ్చాడనుకోండి.

తిరిగొచ్చేప్పుడు ఎన్నిస్ వైపు దారిలో పత్తిచేను కనబడింది, కాయలు అప్పుడే విచ్చుతున్నాయి. కారాపమన్నారు. రోడ్డంచున నేల నెర్రెలిచ్చి ఉంది, అరచెయ్యి పట్టేంత. ఒక పెళ్ళ తీసి, తాగే నీళ్ళు నాలుగు చుక్కలు పోసి, వేళ్ళ మధ్య నలిపి తాడులా సాగదీశారు. "రేగడేనే ఇది! మన రేగడే!" నేను నవ్వాను. తర్వాత చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. దక్కను నల్లరేగడినీ, మనమున్న ఈ బ్లాక్‌ల్యాండ్ నేలనీ మట్టి శాస్త్రంలో ఒకే తరగతిలో పెడతారు, వర్టిసాల్ అని. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమట్టి. గత శతాబ్దం మొదట్లో ఆ కౌంటీని పత్తికి పేరెత్తి చెప్పుకునేవారంటే ఈ నేల వల్లే, ఊళ్ళోని ఆ నగిషీల చెక్క మేడలు ఆ పత్తి డబ్బుతోనే లేచాయి. మన ఇళ్ళ గోడల మీద బీటలు రావడమూ ఈ నేల వల్లే. ఫౌండేషన్ కదలకుండా ఎండాకాలం ఇంటి చుట్టూ పైపు వేసి తడుపుతాం కదా, అది చూసి ఆయన రోజూ నవ్వేవారు, ఇంటికి నీళ్ళు పెడతార్రా అని. ఆ సాయంత్రం నుంచి నవ్వలేదు. పొద్దున్నే లేచి తనే పైపు తిప్పేవారు.

ఇప్పుడు అవతలి పక్షం కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. బస్సు పెట్టడం తప్పని నేననను. ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మలకి, నాన్నలకి కారు నడపడం రాదు, పిల్లలకి తీరిక లేదు. బస్సులో ఇద్దరు గోదావరి వాళ్ళు, ఒక కడప ఆవిడ దొరికితే వాళ్ళకి అదే పండగ. ఆ రోజు బస్సులో ఒక పెద్దావిడ, వచ్చిన నాలుగు నెలల్లో ఇంత నవ్వడం ఇదే అంది నాతో. తంబోలా లేకపోతే ఆ నవ్వు ఉండేది కాదు. శాలువాలూ అంతే, కప్పించుకున్నవాళ్ళు ఇంటికెళ్ళి ఫోటో ఇండియా పంపుకుంటారు. స్పాన్సరు లేనిదే బస్సు లేదు, అదీ తెలుసు నాకు, లెక్కలు చూసినదాన్నే. ఊరు చూడాలనుకునేవాళ్ళు సొంత కార్లో పోవచ్చు కదా అని కోశాధికారి గారు అన్నదాంట్లో న్యాయముంది.

కానీ ఆ నవ్వు మన ఇర్వింగ్ పార్కులోనూ వచ్చేది. తంబోలా అక్కడే ఆడుకోవచ్చు, అద్దె తక్కువ. అరవై మైళ్ళు ఎందుకు పోయినట్టు? మనం పోయింది ఇంకో ఊరికి కాదు, మన ఊరినే బస్సెక్కించి ఇంకోచోట దింపాం. మా నాన్న లాంటి నాన్నలు ఆ రోజు రెండు బస్సుల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. పత్తి పండించినవాళ్ళు ఉన్నారు, బ్యాంకుల్లో పంటరుణాలు రాసినవాళ్ళు ఉన్నారు, ప్లీడరు గుమస్తాలు ఉన్నారు. వాళ్ళని ఆ చౌరస్తాలో ఒక గంట వదిలేసి ఉంటే ఏ సంచిలో ఏం టిక్కుటిక్కుమనేదో! ఆ గంట మనం తంబోలాకి ఇచ్చాం. పిల్లల సంగతి సరేసరి. ఆ ఊరి చుట్టూ నేల కింద 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో సొరంగం తవ్వి ప్రపంచంలోకెల్లా పెద్ద కణత్వరకం, అంటే అణువులోని కణాల్ని మహా వేగంతో ఢీకొట్టించే యంత్రం, కట్టబోయి, పాతిక కిలోమీటర్ల లోపే తవ్వి, 1993లో మధ్యలో ఆపేశారని మన సైన్స్ ఒలింపియాడ్ పిల్లల్లో ఒక్కరికైనా చెప్పామా? ఆవిడ కరపత్రంలో చివరి పేజీ అదే.

అందుకని కమిటీని అడిగేది ఇది. ముందు ఆవిడకి సంఘం లెటర్‌హెడ్ మీద క్షమాపణ ఉత్తరం వెళ్ళాలి. మెయిల్ కాదు, సంతకాలతో ఉత్తరం. నేను వ్యక్తిగతంగా రాశాను, కానీ మాట ఇచ్చింది నేను కాదు, సంఘం. రెండోది, అక్టోబరులో ఎండ తగ్గాక ఇంకోసారి వెళ్దాం. బస్సు వద్దు, మైకు వద్దు, బ్యానరు అసలే వద్దు. అయిదు కార్లు చాలు, ఒక్కో కార్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఉండి తీరాలి, వాళ్ళ పిల్లలు కాకపోయినా సరే ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి. పదింటికి అంటే పదింటికి కోర్టు మెట్ల దగ్గర ఉండాలి. ఆవిడ ఒప్పుకుంటే ఆవిడతో, ఒప్పుకోకపోతే మన తిరుగుడు మనం తిరుగుదాం, కానీ ముందు అడుగుదాం. శాలువా కప్పాలని మరీ అనిపిస్తే ఆవిడకి కప్పండి.

ఆ రోజు కట్టలో 90 కరపత్రాలున్నాయి. ఒకటి నాన్నకి పోస్టులో పంపాను. ఒకటి అధ్యక్షుల వారి కారు వైపరు కింద పెట్టాను, ఇంకా ఏమీ అనలేదు. మిగతా 88 వచ్చే కమిటీ మీటింగుకి తెస్తాను, కావలసినవాళ్ళు తీసుకోండి. పులిహోర కూడా తెస్తాను. ఆరబెట్టే తెస్తాను, కాబట్టి ఓ పది నిమిషాలు ఆలస్యం కావచ్చు.