అదృష్టాన్ని కోయించేసుకున్నాను, అయితే ఏంటంట?

మొన్న జ్యేష్ఠమాసంలో మా చిన్నాన్న కూతురి పెళ్లికి సఖినేటిపల్లి వెళ్లాను. పంక్తిలో కూర్చుని పప్పన్నంలో ఆవకాయ కలుపుకుంటుంటే, ఎదుటి వరస నుంచి మా పెద్దత్తయ్య కేకేసింది. "ఏమే, అదృష్టాన్ని కోయించేసుకున్నావంట కదా!" పంక్తి పంక్తంతా నా మొహంలోకి చూసింది. అప్పటికి నవ్వేశాను గానీ ఇంటికొచ్చాక ఒళ్లు మండింది. అందుకే ఇదంతా రాస్తున్నాను. పెద్దదే, ఓపికుంటే చదవండి.

నేను కోయించుకున్నది అదృష్టాన్ని కాదు, కంటిగుడ్డునీ కాదు. ఎడమ కన్నుని చెవి వైపుకి లాగేస్తున్న కండరాన్ని వదులు చేయించుకున్నాను, ముక్కు వైపుదాన్ని కాస్త బిగించారు. అంతే. నాకిప్పుడు ముప్పై ఏడేళ్లు. ఆరేడేళ్ల వయసులో మొదలైంది ఈ మెల్ల. మా నాయనమ్మ లెక్కలో మెల్లకన్ను పిల్ల ఇంటికి లక్ష్మి. నేను పుట్టిన ఏడే మా తాతయ్య ఎకరం కొబ్బరితోట కొన్నాడట. ఇంకేముంది, లక్ష్మీదేవికి కళ్ల డాక్టరెందుకు?

ఆ లక్ష్మీదేవి పాలకొల్లులో ఒక బ్యాంకు కౌంటర్లో కూర్చుంటుంది. "చెప్పండి బాబాయ్ గారూ" అంటే ఎదురుగా పాస్‌బుక్కు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన వెనక్కి తిరిగి చూసేవారు, వెనకాల ఇంకెవరో ఉన్నారనుకుని. ఎవరూ కనబడక మళ్లీ నావైపు తిరిగి "నన్నేనాండీ?" అనేవారు. "ఆయ్, మిమ్మల్నేనండీ." రోజుకి నాలుగైదుసార్లు ఇదే తంతు. వాళ్ల తప్పేం లేదు. కానీ పదిహేనేళ్లు ఇలా జరిగితే మనిషి తల దించుకుని మాట్లాడటం అలవాటు చేసుకుంటుంది, నేనూ అలాగే చేసుకున్నాను. కౌంటర్లో ఆ మేడమ్‌కి పొగరెక్కువ, మొహం చూసి మాట్లాడదు అని పేరు కూడా వచ్చింది. పెళ్లిచూపుల ఫొటో సంగతి సరేసరి. ఆ స్టూడియో అతను పాపం మంచివాడే, "కొంచెం పక్కకి తిరగండమ్మా, ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ చివరికి నా జడని ఫొటో తీసినంత పని చేశాడు.

అసలు మనవాళ్లు కలిపేసేవి రెండు వేరువేరు సంగతులు. మెల్ల అంటే రెండు కళ్లూ ఒకేచోటికి చూడకపోవడం. ఒక్కో కంటికీ ఆరు కండరాలుంటాయి, రెండు కళ్లవీ కలిసి లాగితేనే చూపు ఒకచోట నిలుస్తుంది. లేజీ ఐ అనేది ఇంకొకటి. కన్ను చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపలి తెర (రెటీనా) బాగుంటుంది, నరం బాగుంటుంది, కానీ మెదడు ఆ కంటి ఫోనెత్తడం మానేస్తుంది. మెల్ల వల్ల లేజీ ఐ రావచ్చు: రెండు కళ్లూ రెండు బొమ్మలు పంపిస్తుంటే మెదడు గందరగోళం భరించలేక ఒకదాన్ని పక్కన పెడుతుంది. లేజీ ఐ వల్ల మెల్లా రావచ్చు. నాది రెండోది. చిన్నప్పుడు ఎడమ కంటికి పవర్ చాలా ఎక్కువ, కుడి కంటికి అసలు లేదు. మసక బొమ్మ పంపే కన్నుని మెదడు వదిలేసింది, పనిలేని కన్ను మెల్లగా బయటికి జారిపోయింది. పుట్టుకతో శుక్లం ఉన్నా, రెప్ప వాలిపోయి కంటిని కప్పేసినా ఇదే జరుగుతుంది.

ఇందులో పెద్ద మోసం ఏంటంటే, మెల్ల లేకుండా పవర్ తేడా ఒక్కటే ఉన్న పిల్లల్ని చూసి ఎవరూ కనిపెట్టలేరు. ఆ పిల్లకీ తెలియదు. పుట్టినప్పటి నుంచీ ఒక కంటితోనే చూస్తున్నదానికి రెండో కన్ను పనిచెయ్యట్లేదని ఎలా తెలుస్తుంది?

బద్ధకపు కన్ను అని పేరు పెట్టినవాళ్లంటే నాకు కోపం. బద్ధకం ఎవరిది? ఆ కన్ను అడ్డం పడిపోయేవరకూ చూస్తూ కూర్చున్న ఇంటిల్లిపాదిది. హ్యూబెల్, వీజెల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద దీన్ని చూపించారు, 1981లో నోబెల్ కూడా వచ్చింది. కూన ఒక కంటి రెప్పని కొన్నాళ్లు కుట్టేసి తర్వాత విప్పితే, కన్ను బాగానే ఉన్నా మెదడులో ఆ కంటికి పలికే కణాలు దాదాపు మిగల్లేదు. పెద్ద పిల్లికి అదే చేస్తే ఏమీ కాలేదు. అంటే చిన్నతనంలోనే మెదడు చూడటం నేర్చుకుంటుంది. ఆ వయసులో మనం దిష్టి తీస్తూ కూర్చుంటాం.

మీకు అర్థమయ్యేలా చెప్తాను. ఫ్లాస్కులోంచి గ్లాసులోకి టీ వంచేటప్పుడు నేను ఫ్లాస్కు మూతిని గ్లాసు అంచుకి ఆనిస్తాను. టక్కుమని తగిలిందాకా వంచను. ఆనించకపోతే టీ బల్ల మీదే, ఎందుకంటే గ్లాసు అంచు ఎంత దూరంలో ఉందో నా కళ్లు చెప్పవు. మా ఆయన పెళ్లైన కొత్తలో ఇది చూసి "ఇదేం అలవాటు, గ్లాసు పగిలిపోద్ది" అన్నాడు. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడూ అంతే, గట్టుకీ పంటుకీ మధ్య సందు జానెడా మూరెడా తేలక ముందు కాలితో తడిమి చూసుకునేదాన్ని, వెనకాల మోటార్‌సైకిళ్లవాళ్లు హారన్ కొడుతూనే ఉంటారు. లోతు తెలియడానికి రెండు కళ్లూ కలిసి పనిచెయ్యాలి మరి. లేసు మాత్రం మా అమ్మ నేర్పితే బ్రహ్మాండంగా అల్లేదాన్ని. అది వేళ్లు లెక్కపెట్టుకునే పని.

పద్నాలుగేళ్లప్పుడు మా నాన్న ఒక కళ్ల డాక్టరుకి చూపించాడు. ఆయన టార్చి వేసి చూసి "పన్నెండు దాటింది, ఇంక లాభం లేదు, అద్దాలు కూడా దండగ" అన్నారు. ఇరవై రెండేళ్లు ఆ మాట పట్టుకుని కూర్చున్నాం. అందులో సగం నిజం, సగం కాదు. చిన్నవయసులో అద్దాలు, మంచి కంటిని మూసేలా రోజూ కొన్ని గంటలు ప్యాచ్ పెడితే వచ్చినంత ఫలితం పెద్దయ్యాక రాదు, నిజమే. కానీ పన్నెండు దగ్గర తలుపుకి తాళమేమీ పడదు. 2005లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల మధ్య ఉన్న 507 మంది మీద చేసిన పరిశోధనలో, అంతకుముందు వైద్యమే అందని 13 నుంచి 17 ఏళ్ల పిల్లలకి అద్దాలతోపాటు ప్యాచ్ కూడా పెడితే సగానికి దగ్గరగా చూపు కాస్త మెరుగుపడింది. నేను సరిగ్గా ఆ గుంపులో పిల్లనే. పెద్దవాళ్లలో కూడా, మంచి కన్ను పోయినప్పుడు పనిలేని కన్ను కొంతమందికి కాస్త తేరుకున్న సందర్భాలున్నాయి. అలాగని ఫోన్లో "ముప్పై రోజుల్లో లేజీ ఐ మాయం" అని వచ్చే ప్రకటనలకి డబ్బులు తగలెయ్యకండి. పెద్దవాళ్లలో ఎవరికి ఎంత వస్తుందో ముందే గ్యారంటీ ఇచ్చేవాడిని నేనైతే నమ్మను.

ఇంక మెల్ల సంగతి పూర్తిగా వేరు. దానికి వయసు అడ్డం కాదు, నలభైకీ అరవైకీ కూడా సరిచేస్తారు. ఈ ముక్క నాకు పోయినేడాది విజయవాడలో తెలిసింది. ఆపరేషన్‌కి ముందు ప్రిజం అద్దాలు వరసగా బిగించిన కడ్డీ ఒకటి కంటి ముందు పైకీ కిందకీ జరుపుతూ "రెండుగా కనబడుతోందా?" అని పదిసార్లు అడిగారు, కన్ను నిటారుగా చేశాక వస్తువులు రెండుగా కనబడే ప్రమాదం ఉందేమోనని. తర్వాత కుట్టు ముడిని పూర్తిగా బిగించకుండా వదిలి, మర్నాడు పొద్దున్న చుక్కల మందు వేసి, నన్ను కూర్చోబెట్టి ఎదురుగా చూడమంటూ సరిచేసి ముడేశారు. నాలుగు వారాలు కన్ను పండుమిర్చిలా ఉంది. కొందరికి మళ్లీ చేయాల్సి వస్తుందని కూడా ముందే చెప్పారు. చూపు పెరగలేదు, పెరగదని వాళ్లే చెప్పారు, ఫ్లాస్కుని ఇప్పటికీ ఆనించే వంచుతున్నాను.

"అందం కోసం అంత డబ్బు పెట్టావా" అన్నవాళ్లున్నారు. వంకరపోయిన కాలిని సరిచేయిస్తే అందం కోసమా అని ఎవరూ అడగరు.

ఇంకో రకం ఉంది, అది మాత్రం నవ్వులాట కాదు. పెద్దవాళ్లకి ఉన్నట్టుండి మెల్ల రావడం. మా మరిదికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఒకరోజు పొద్దున్న లేచేసరికి ఒక కన్ను ముక్కు వైపుకి తిరిగిపోయి, గట్టు మీద మేతబస్తా పట్టుకున్న కుర్రాడు ఇద్దరుగా కనబడ్డాడట. ఒక కన్ను మూస్తే ఒక్కడే. మూడు రోజులు దిష్టనుకుని నిమ్మకాయలు తిప్పారు. చివరికి చూస్తే షుగరు మూడొందలు దాటింది, కంటిని పక్కకి తిప్పే నరానికి రక్తం అందలేదన్నారు. తలకి స్కాన్ తీశారు, షుగరు అదుపులో పెట్టారు, మూడు నెలల్లో తగ్గింది. తనకి టైం బాగుంది. పక్షవాతం, కంతి, థైరాయిడ్ కూడా ఇలాగే బయటపడొచ్చు. దాంతోపాటు విపరీతమైన తలనొప్పి వచ్చి రెప్ప వాలిపోయి కంటిపాప పెద్దదైతే ఆ రోజే, ఆ గంటే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి.

నాలాగా ఒక కంటి మీదే బతికేవాళ్లు ఆ కంటిని కాపాడుకోండి. కొబ్బరికాయ ఒలిచేటప్పుడు, గ్రైండింగ్ దగ్గర, పవర్ లేకపోయినా పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోండి. మీ పిల్లలకి మూడేళ్లకల్లా ఒకసారి చూపించండి. మా అమ్మాయితో నేను దాగుడుమూతల్లా ఆడేదాన్ని, ఒక కన్ను మూస్తే ఊరుకుని ఇంకోటి మూస్తే గింజుకుంటుందేమోనని. అది డాక్టరు పరీక్షకి బదులు కాదులెండి, నా టెన్షన్ నాది. కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి, అది కంటి కేన్సర్ కూడా కావచ్చు.

పెళ్లి సంగతి పూర్తి చెయ్యలేదు కదూ. సాయంత్రం నేను బయల్దేరుతుంటే పెద్దత్తయ్య అరిటాకుల కట్ట చేతిలో పెట్టి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా మనవడికి సాయంత్రమయ్యేసరికి ఒక కన్ను పక్కకి జారిపోతందే. ఎండలోకెళ్తే ఒక కన్ను మూసేస్తాడు. నువ్వెళ్లిన ఆసుపత్రెక్కడ?" ఫోన్ నంబరు పంపాను. మొన్న అడిగితే, ఆషాఢం వెళ్లాక తీసుకెళ్తారట.