సున్నా దగ్గర పోయిన పరువు

నిన్న సాయంత్రం మా సైటు సభ్యులు 1,840 మందికీ నా దగ్గర్నుంచి ఒక మెయిల్ వెళ్లింది. సబ్జెక్టు: "టెస్ట్: దేవుడా, ఈసారైనా వెళ్తే చాలు". లోపల ఒకటే ముక్క: "పైవాడు అడిగితే నిన్ననే అయిపోయిందని చెప్పు." పైవాడంటే మా మేనేజర్. ఆయన కూడా సభ్యుడే.

దేవుడు మాత్రం విన్నాడు. వెళ్లింది.

ఇలాంటిది జరక్కూడదనే కోడ్‌లో కాపలా పెట్టుకున్నాను. సబ్జెక్టులో 'టెస్ట్' అన్న మాట ఉంటే మెయిల్ నాకొక్కడికే రావాలి, లేకపోతే అందరికీ పోవాలి. పీహెచ్‌పీలో (మా సైటు రాసిన ప్రోగ్రామింగ్ భాష అది) ఇలా వెతకడానికి స్ట్ర్‌పాస్ అనే ఫంక్షన్ ఉంది. దాన్ని 'నిజమైతే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి' అనే ఇఫ్‌లో పెట్టి, "ఇది టెస్ట్" అని పంపి చూశాను. బుద్ధిగా నాకొక్కడికే వచ్చింది.

ఇక్కడ స్ట్ర్‌పాస్ గారి స్వభావం కొంచెం చెప్పుకోవాలి. గడ్డివాములో సూది ఉందా అని అడిగితే ఉంది, లేదు అని చెప్పే రకం కాదాయన. (గడ్డివాము, సూది నా కవిత్వం కాదు, మాన్యువల్లో పెట్టిన పేర్లే: వెతికే చోటు గడ్డివాము, వెతికే మాట సూది. ఈయనకు గడ్డివాము ముందు ఇవ్వాలి, సూది తర్వాత. ఇన్ అరే అని ఇంకొకాయన ఉన్నాడు, ఆయనకు సూది ముందు. ఎందుకని అడక్కూడదు.) సూది ఎన్నో స్థానంలో ఉందో చెబుతాడు. అదీ అక్షరాల్లో కాదు, బైట్లలో. అక్షరాలను కంప్యూటర్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడేసి బైట్లు తింటుంది. ఆయన చుట్టం స్ట్ర్‌లెన్‌ని "అమ్మ" పొడవెంత అని అడగండి, 12 అంటాడు (అ, మ, పొల్లు, ఇంకో మ: నాలుగు మూళ్లు). ఆ లెక్కన "ఇది టెస్ట్"లో సూది 10 దగ్గర దొరికింది (ఇ, ద, గుడి కలిసి తొమ్మిది, మధ్య ఖాళీ ఒకటి). ఇఫ్ దృష్టిలో 10 అంటే నిజం. అందుకే పరీక్ష పాసయ్యాను.

నిన్నటి సబ్జెక్టు 'టెస్ట్'తోనే మొదలైంది. స్థానాల లెక్కేమో సున్నా నుంచి మొదలు. సూది మొట్టమొదటే దొరికింది కాబట్టి ఆయన నిజాయితీగా "సున్నా" అన్నాడు. సూది దొరక్కపోతే ఆయన చెప్పే మాట ఫాల్స్, అంటే అబద్ధం. ఇఫ్‌కేమో సున్నా అన్నా ఫాల్స్ అన్నా ఒకటే. మాస్టారి ముక్కు కిందే, మొదటి బెంచీలో కూర్చుని, "రోల్ నంబర్ సున్నా, ప్రెజెంట్ సార్" అని పిల్లాడు గొంతు చించుకుంటుంటే, "సున్నా అంటే ఎవరూ లేరన్నమాట" అని ఆబ్సెంట్ వేస్తే ఎలా ఉంటుంది? ఆఖరి బెంచీవాడు నిద్రపోతున్నా సరే, హాజరే. ఇదీ మన కాపలా.

మా సీనియర్ స్క్రీన్ వైపు ఒక్క చూపు చూసి, "మూడు ఈక్వల్స్‌తో ఫాల్స్ కాదని చూడాలి కదా బాబూ, మాన్యువల్లో హెచ్చరిక కూడా ఉంది" అన్నాడు. ఉంది. నేనూ చూశాను, నిన్న రాత్రి. మూడు ఈక్వల్స్ పెడితే సున్నా వేరు, ఫాల్స్ వేరు అని చూస్తుందట. సూటిగా ఉందా లేదా చెప్పే స్ట్ర్ కంటెయిన్స్ 2020లో పీహెచ్‌పీ 8తో వచ్చింది. 1995లో బయటికొచ్చిన భాషకు ఆ పాటి మాట చెప్పడానికి పాతికేళ్లు పట్టింది. వచ్చి మాత్రం నాకేం ఒరిగింది, మా సర్వర్లో ఉన్నది పాత పీహెచ్‌పీ 7.4. దానికి సపోర్టు 2022 నవంబరులోనే ఆగిపోయింది. అప్‌గ్రేడ్ ఎప్పుడని ఈ సీనియర్‌నే మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "వచ్చే నెల" అన్నాడు. ఆ మూడు ఈక్వల్సే కదా అని ఊరుకున్నాను.

సరే, పెట్టాను. ఇప్పుడు కాపలా ఉక్కులా ఉంది. సున్నాలో ఉన్నా పట్టేస్తుంది.

పది నిమిషాల్లో అందరికీ క్షమాపణ వెళ్లాలని మేనేజర్ ఆర్డరు. కిందామీదా పడి రాసి, సబ్జెక్టు "టెస్ట్ మెయిల్ విషయమై క్షమాపణ" అని పెట్టి, బటన్ నొక్కి, "పంపేశానండి" అని ఫోన్ చేసి చెప్పాను. అప్పుడు టింగుమంటూ నా ఇన్‌బాక్స్‌లో పడింది, నా క్షమాపణ. వెళ్లాల్సిన 1,840 మందిలో నా ఒక్కడికే.

సబ్జెక్టు మారుస్తుండగానే ఫోను మోగింది.

"పంపానన్నావు, నాకింకా రాలేదేం? ఇది కూడా నిన్ననే అయిపోయిందా?"