బీరువా చేసే సిఫార్సులు

గ్రంథాలయానికి వెళితే మంచి పుస్తకం సూచించేవారే కరువయ్యారని కొందరు పాఠకులు వాపోతున్నారు. ఈ అభియోగం నిరాధారమని, మన శాఖా గ్రంథాలయాలలో పుస్తకాల సిఫార్సుకు పటిష్ఠమైన పద్ధతి ఒకటి ఏళ్ల తరబడి అమలులో ఉందని, దానిని గ్రహించలేకపోవడం పాఠకుల మాంద్యమే తప్ప మరొకటి కాదని సవినయంగా మనవి చేస్తున్నాను.

అద్దాల బీరువాకు తాళం వేసి ఉంచడాన్ని చాలామంది అపార్థం చేసుకుంటారు. అద్దం వెనుక ముందువరుసలో కనిపించేవే గ్రంథాలయం మనకు సిఫార్సు చేస్తున్న పుస్తకాలు. వాటి వెనుక రెండో వరుసలో నక్కినవి మన అర్హతకు మించినవి. ముందువరుసలో సాధారణంగా ఎవరో నాయకుడి షష్టిపూర్తి సంచిక, ఎవరూ అడగకుండానే కట్టలుగా వచ్చిపడిన కవితా సంపుటి, రచయితే స్వయంగా సంతకం చేసి బహూకరించిన ఆత్మకథ కొలువుదీరి ఉంటాయి. ఇన్నేళ్లయినా వాటి అట్టలు నలగలేదంటే పాఠకులు వాటిని ఎంత భక్తితో దూరం నుంచే దర్శించుకుంటున్నారో ఊహించవచ్చు.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ప్రకటించారు. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది వాటిలో నాలుగవది. తాళంచెవి ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నాడని గుమ్మంలోనే చెప్పి పంపించడంకన్నా పాఠకుడి సమయాన్ని ఆదా చేసే మార్గం నాకైతే తోచడం లేదు. గ్రంథాలయం పెరిగే జీవి అన్న అయిదవ సూత్రాన్ని చెదపురుగులు తమ భుజాలమీద వేసుకున్నాయి.

1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా పంపించారట. ఏ రేవులో ఎవరికి ఏ పుస్తకం నచ్చుతుందో ఆలోచించే తీరిక ఆనాటివారికి ఉండేది. ఈనాటి పాఠకుడి అభిరుచిని పబ్లిక్ సర్వీస్ కమిషనే నిర్ణయిస్తుంది కనుక మనకు ఆ శ్రమ లేదు. గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చిన మర్నాడు తెల్లవారకముందే గ్రంథాలయం ముందు వరుస కడుతున్న యువతను చూసినవారెవరూ పఠనాభిరుచి తగ్గిందని అనజాలరు. తమ గైడ్లు, తమ నీళ్లసీసా, కొన్నిచోట్ల తమ కుర్చీ కూడా తామే తెచ్చుకునే ఈ పాఠకులు గ్రంథాలయం నుంచి ఆశించేది ఒక ఫ్యాను మాత్రమే. నిజం చెప్పాలంటే, ఈ భవనాలు ఇంకా తెరుచుకుంటున్నాయంటే అది వారి పుణ్యమే.

ఖర్చు సంగతి అడగనక్కరలేదు. ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం చెల్లిస్తూనే ఉన్నాం. వసూలు చేసిన స్థానిక సంస్థలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయడంలో చూపే నిదానాన్ని ఆలస్యమని నిందించడం భావ్యం కాదు. పుస్తకాలను తొందరపడి కొనకూడదన్న జాగ్రత్తగా దానిని అర్థం చేసుకోవాలి.

అయినా సిఫార్సుల జాబితా కావలసిందేనని పట్టుబట్టేవారికోసం ఒక ప్రతిపాదన. నవల అడిగితే ఉద్యోగి రిజిస్టరు తిరగేసి, అది బయట ఉంది, ఇంకా రాలేదు అంటాడు. డిపాజిట్ పోయినా ఫరవాలేదనుకుని ఒక మనిషి పుస్తకాన్ని తన దగ్గరే ఉంచేసుకున్నాడంటే, అంతకు మించిన నిజాయితీ గల సమీక్ష ఏ పత్రికలోనూ రాదు. కనుక నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో, ఉపన్యాసాలకు ముందుగా, తిరిగిరాని పుస్తకాల పట్టికను నోటీసుబోర్డు మీద అంటించాలి. పాఠకులు దానిని రాసుకుని పుస్తకాల దుకాణానికి వెళతారు. ముందువరుసకు ఏ ఇబ్బందీ కలగదు.